యెజ్డీ టాంకు, కళాయి, కాసింత ఆల్కహాలు

పోయినేడాది దసరా సెలవులకి నిజామాబాదు వెళ్ళినప్పుడు నాన్న యెజ్డీ మొండికేసింది. ఇరవై కిక్కులు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. కార్బొరేటర్ విప్పితే అడుగున కాఫీపొడి లాంటి ఎర్రటి మట్టి, దాంతోపాటు ఉల్లిపొర లాంటి ముక్కలు. ఎర్రమట్టి అంటే తుప్పు, అంతవరకూ తెలుసు. ఆ పొరలేంటో అర్థం కాలేదు. టాంకు మూత తీసి సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తే అప్పుడు తెలిసింది. లోపల గోడలకి అంటుకుని ఉండాల్సిన లైనింగు, వానాకాలంలో పాత ఇంటి సున్నం లేచినట్టు లేచి వేళ్ళాడుతోంది.

ఆ లైనింగు 2004లో, నాన్న రిటైరైన కొత్తలో వేయించింది. "టాంకు లోపల కోటింగ్ కొట్టించిన, ఇగ నా జన్మల జంగు పట్టది" అని ఫోన్లో గొప్పగా చెప్పడం నాకింకా గుర్తు. అప్పుడు నేను బెంగుళూర్లో రిలీజుల మధ్య పడి కొట్టుకుంటున్నాను, ఊఁ కొట్టి ఊరుకున్నా.

ఇప్పుడు ఇద్దరికీ గొడవ. నాన్నేమో "కడిగి పైనుంచి ఇంకో కోటు కొట్టియ్యి, అయిపోతది" అంటారు. నేనేమో మొత్తం పీకేసి ఉక్కు రేకు దాకా వెళ్దాం అంటాను. మన భాషలో చెప్పాలంటే ఆయనది ప్యాచ్ పార్టీ, నాది రీరైట్ పార్టీ. రీరైట్ పార్టీ వాళ్ళ గతి చివరికి ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు :-)

ఇంతలో పక్కింటి బాబాయిగారొచ్చి, "అదంతా ఈ-20 పెట్రోలు మహిమ, గవర్నమెంటు చేసిన పని" అని తేల్చేశారు. 2025 అంతా ఎక్కడ నలుగురు బండ్లవాళ్ళు కలిసినా ఇదే మాట కదా. నాకు మాత్రం అంత తేలిగ్గా మింగుడు పడలేదు. బగ్ రాగానే నిన్న చెకిన్ చేసినవాణ్ణి తిట్టడం మనకి అలవాటే, కానీ చాలాసార్లు అసలు తప్పు ఏ పదేళ్ళ కిందటి కోడులోనో ఉంటుంది. ఆ వంకతో తవ్వుకుంటూ పోతే తేలిన కథ ఇది.

మొదట కళాయి సంగతి. మా చిన్నప్పుడు బోధన్‌లో వేసవి వస్తే కళాయివాడొచ్చేవాడు. వేపచెట్టు కింద గుంట తవ్వి, కొలిమి పెట్టి, తోలు తిత్తి ఊదుతూ కూర్చునేవాడు. ఇత్తడి గిన్నెని ఇసకతో తోమి, ఎర్రగా కాల్చి, నవాసాగరం చల్లేవాడు. గుప్పుమని తెల్లటి పొగ. ఆ పొగలోనే తగరం కడ్డీ అలా తాకించి, దూదితో గిన్నె లోపలంతా తిప్పితే వెండిలా మెరిసేది. అమ్మమ్మ కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచనిచ్చేది కాదు, చిలుమెక్కి విషమవుతుందని. అంటే గిన్నె ఇత్తడిదే అయినా, లోపల పులుసుకి తగిలేది తగరం. పులుసుకి సరిపడే తోలు లోపల, బరువు మోసే లోహం బయట. ఇంకొక్క విషయం గమనించండి. కళాయివాడు పాత కళాయి మీద కొత్తది పూసేవాడు కాదు, ముందు తోమేవాడు. సగం పని ఆ తోమడమే. దీనికి మళ్ళీ వస్తాను.

మోటారు బండ్ల పెట్రోలు టాంకులదీ ఇదే పద్ధతి. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం కార్ల టాంకులకి టెర్న్ రేకు వాడారు. ఉక్కు రేకుని సీసం, తగరం కలిసిన ద్రవంలో ముంచి తీస్తే వచ్చేది. సీసం ఎక్కువ, తగరం తక్కువ. టెర్న్ అంటే ఫ్రెంచిలో కాంతి లేనిది అని అర్థం, మన కళాయిలా మెరవదు మరి. 1990ల్లో సీసం మీద వ్యతిరేకత పెరిగేదాకా దాని రాజ్యమే నడిచింది. మా యెజ్డీ టాంకులో మాత్రం అలాంటి పూతేమీ కనబడలేదు, ఉత్త ఉక్కు రేకు. మరి 1984 నుంచి ఇరవై ఏళ్ళు అది తుప్పు పట్టకుండా ఎలా ఉంది?

జవాబు వినడానికి వింతగా ఉంటుంది. ఆయిలు. యెజ్డీ టూస్ట్రోక్ బండి. చెకోస్లొవేకియా జావా డిజైను తెచ్చుకుని, ఐడియల్ జావా కంపెనీ మైసూరులో 1961 నుంచి 1996 దాకా తయారు చేసింది. దాంట్లో టూటీ ఆయిలు పెట్రోల్లోనే కలిపి టాంకులో పోయాలి. నాన్న ఎలక్ట్రిసిటీ డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టరు, రోజూ ఊళ్ళు తిరిగేవారు. బండి రోజూ కదలడం, టాంకు రోజూ కుదపడం, ఆ ఆయిలు గోడలకి సన్నటి పొరలా పట్టడం. ఎవరూ ప్లాన్ చెయ్యని కళాయి అది. ఏ డాక్యుమెంటులోనూ ఉండదు, కానీ సిస్టమంతా దానిమీదే నడుస్తూ ఉంటుంది.

రిటైరయ్యాక బండి షెడ్డులో నిలబడిపోయింది. సగం టాంకు ఖాళీ. పగలు వేడికి లోపలి గాలి బయటికి, రాత్రి చల్లబడితే బయటి తేమ గాలి లోపలికి. తేమ గోడల మీద చెమటలా పట్టి కిందకి దిగుతుంది. నీళ్ళు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. సైడ్ స్టాండ్ వేసిన బండి ఎడమకి వాలుతుంది, అంటే ఎడమ మూల కింద చిన్న చెరువన్నమాట. తుప్పు అక్కడే మొదలవుతుంది. మీ ఇంట్లో పాత బండుంటే టార్చి వేసి ఆ మూల చూడండి.

ఇక పెట్రోలు సంగతి. మనం పోసుకునే "పెట్రోలు" అనే వస్తువు ఎప్పుడూ ఒకటి కాదు. పేరు అదే, లోపల సరుకు మారుతూ వచ్చింది. ఇంటర్ఫేస్ ఒకటే, ఇంప్లిమెంటేషన్ వేరు.

1921 డిసెంబర్లో అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో జనరల్ మోటర్స్ ఇంజినీరు థామస్ మిడ్‌గ్లే, టెట్రాఇథైల్ లెడ్ కొంచెం కలిపితే ఇంజిన్ నాకింగ్ ఆగిపోతుందని కనిపెట్టాడు. 1923 ఫిబ్రవరిలో అమ్మకం మొదలు. తమాషా ఏమిటంటే ఆల్కహాలు కలిపినా నాకింగ్ తగ్గుతుందని ఆయనకి ముందే తెలుసు. ఆల్కహాలు ఎవడైనా కాచుకోగలడు, దానికి పేటెంటు ఏముంటుంది? సీసం గెలిచింది. 1924లో న్యూజెర్సీ బేవే రిఫైనరీలో ఆ సీసం తయారీ దగ్గర ఐదుగురు పనివాళ్ళు పిచ్చెక్కి చనిపోయినా గెలిచింది. మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995 ఏప్రిల్లో నాలుగు మహానగరాల్లో మొదలై, దేశమంతా 2000 ఫిబ్రవరికి గానీ రాలేదు. అంటే మా యెజ్డీ చాలా ఏళ్ళు సీసం పెట్రోలే తాగింది, దాని పొగ మేమంతా పీల్చాం.

ఆల్కహాలు మన దగ్గర కొత్త అనుకుంటే పొరపాటు. స్వతంత్రం వచ్చిన మరుసటేడే, 1948లో, ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టం అని ఒకటి చేశారు. చక్కెర ఫ్యాక్టరీల మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాలుని పెట్రోల్లో కలపడం కోసం. ఆ చట్టాన్ని 2000లో రద్దు చేశారు. మూడేళ్ళు తిరక్కుండానే, 2003 జనవరిలో, తొమ్మిది రాష్ట్రాల్లో ఐదు శాతం ఇథనాల్ కలిపే పథకం మొదలెట్టారు! అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏడాది గడిచేసరికి ఇథనాల్ దొరక్క పథకం చతికిలబడింది, 2006లో మళ్ళీ లేపారు. తర్వాత చాలా ఏళ్ళు నత్తనడక. 2022 జూన్‌లో పది శాతం, 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం పెట్రోలు అమ్మకం ప్రారంభం, 2025కి దేశమంతా ఇరవై. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే ఒప్పుకుంది. ఆ సెప్టెంబర్లో దీనిమీద వేసిన పిల్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది. నా గోడు ఇథనాల్ మంచిదా చెడ్డదా అని కాదు. పాతరకం పెట్రోలు కూడా ఏదో ఒక బంకులో అమ్ముతూ ఉంటే ఏం పోయేది? ఏ ఏపీఐ అయినా పాత వెర్షన్ తీసేసే ముందు నాలుగు రిలీజులు నడుపుతాం కదా.

బ్రెజిల్ వాళ్ళు ఈ పని మనకన్నా ముందే చేశారు. 1975లో ప్రోఆల్కూల్ పథకం పెట్టి, 1979లో పూర్తిగా ఆల్కహాలుతోనే నడిచే ఫియట్ 147 కారు తెచ్చారు. అయితే ఇంధనం ఒక్కటే మార్చి చేతులు దులుపుకోలేదు, కార్లూ మార్చారు. టెర్న్ రేకులోని సీసానికి ఆల్కహాలు పడదు. అందుకని టాంకుల లోపల తగరం పూత వేశారు. తగరం! మా బోధన్ వేపచెట్టు కింద కళాయివాడి చేతిలో ఉన్నది అదే.

ఆల్కహాలుతో చిక్కు రెండు రకాలు. ఒకటి, నీళ్ళంటే దానికి ప్రాణం. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు సుమారు అర శాతం దాకా నీళ్ళని తనలో కలిపేసుకుంటుంది. అది దాటితే ఒక్కసారిగా విడిపోయి, ఆల్కహాలూ నీళ్ళూ కలిసి అడుక్కి దిగుతాయి. రోజూ నడిచే బండికి దీనివల్ల పెద్ద బాధ లేదు, నీళ్ళు ఎప్పటికప్పుడు ఇంజిన్లోకి పోయి కాలిపోతాయి. షెడ్డులో నిలబడ్డ బండికే తంటా. రెండోది, పాతరకం పూతల్ని అది మెత్తబరుస్తుంది.

ఆ పూతల పుట్టుక విమానాల దగ్గర. రివెట్లు కొట్టిన అల్యూమినియం టాంకులు అతుకుల దగ్గర కారేవి. ద్రవంలాంటి సీలంటు లోపల పోసి, టాంకుని అటూ ఇటూ దొర్లించి, మిగిలింది ఒంపేసేవారు. ఇంట్లో విమానాలు కట్టుకునే అమెరికా ఔత్సాహికులు, వాళ్ళ నుంచి పాత బైకులవాళ్ళు ఇది నేర్చుకున్నారు. కారు పెట్రోల్లో ఆల్కహాలు కలిసి వస్తే ఆ సీలంటు పొరలుగా లేచి ఫిల్టర్లకి అడ్డం పడటం ఆ విమానాల వాళ్ళు ముందే అనుభవించారు. ఆ తర్వాత ఆల్కహాలుకి తట్టుకునే రకాలొచ్చాయి. 2004లో నాన్న బండికి ఏ రకం కొట్టారో, ఆ మెకానిక్‌కైనా తెలుసో లేదో.

సరే, పని మొదలెట్టాం. ఊళ్ళో ఇద్దరు మెకానిక్కులు చేతులెత్తేశారు. ఒకాయనైతే "అన్నా, కొత్త టాంకు దొరుకుతదేమో సూడు, ఇది పని గాదు" అన్నాడు. యెజ్డీకి కొత్త టాంకు! బాగుంది.

ఎవరైనా ఇలాంటిది చేయదలిస్తే ముందు ఒక మాట. నిండు టాంకు కంటే ఖాళీ టాంకు ప్రమాదం. గాల్లో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. ఖాళీ టాంకులో సరిగ్గా ఆ పాళ్ళే కుదురుతాయి. అందుకని పెట్రోలు తీసేశాక సబ్బునీళ్ళతో నాలుగైదుసార్లు కడిగి, రెండు రోజులు ఎండబెట్టాకే మిగతా పని.

లైనింగు పీకడానికి ఎసిటోన్ వాడాం. రంగుల దుకాణంలో దొరికింది. టాంకు కింద కాక్ తీసి బోల్టుతో మూసి, ఎసిటోన్ పోసి, మూత బిగించి, పూటకోసారి తిప్పి పెట్టడం. మూడోరోజు మూత తీస్తే లోపల పాలమీగడలా మెత్తబడిన ముద్ద. పొడుగు పటకారుతో లాగితే జానెడు జానెడు పొరలు వచ్చాయి. మా వాడు "నాన్నా, పాము కుబుసం" అన్నాడు. గట్టి ఎపాక్సీ రకమైతే ఎసిటోన్‌కి లొంగదు, మిథిలీన్ క్లోరైడ్ కావాలంటారు. ఆ జోలికి పోకండి. దాని ఆవిరికి మనుషులు చనిపోతుంటే 2019లో అమెరికాలో మామూలు జనానికి రంగు పీకే మందుగా అమ్మడమే నిషేధించారు.

ఇక్కడ బాబాయిగారి కేసు కొట్టుడుపోయింది. లాగిన పొరల వెనకవైపు చూస్తే, జిడ్డు. ఇరవై ఏళ్ళ టూటీ ఆయిలు. 2004లో ఆ మెకానిక్ టాంకుని సరిగా కడక్కుండా, కొంత తుప్పు మీద, కొంత ఆయిలు మీద పూత పోసేశాడు. అది ఏనాడూ రేకుకి అంటుకోలేదు, సంచిలాగా లోపల నిలబడి ఉందంతే. ఇథనాల్ వచ్చి ఆ సంచిని ఒక్క తోపు తోసింది. పడబోయే గోడని తోసినవాడిదే నేరమంతా అంటే ఎలా? టాంకుని ఇరవై ఏళ్ళు కాపాడిన ఆయిలే లైనింగుని అంటుకోనివ్వలేదు. నాన్నకి ఈ మాట చెప్తే కాసేపు మాట్లాడలేదు. "వాడు నా ముందర్నే కడిగిండు" అన్నారు తర్వాత, మెల్లిగా.

మిగిలింది తుప్పు. అందరూ చెప్పేది బాత్రూం యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్. తుప్పుని తింటుంది, తిన్నాక ఆగదు, ఉక్కునీ తింటుంది. కడిగిన పది నిమిషాల్లో మళ్ళీ నారింజ రంగు దిగుతుంది. రెండో దారి, కరెంటు. దీనికి మూలం వెతికితే హంఫ్రీ డేవీ దాకా పోతుంది. 1824లో బ్రిటిష్ నేవీ ఓడల రాగి తొడుగులు ఉప్పునీళ్ళకి తినేస్తున్నాయని ఆయన్ని అడిగితే, రాగికి జింకు ముక్కో ఇనప ముక్కో తగిలిస్తే అది తాను కరిగి రాగిని కాపాడుతుందని చూపించాడు. సైన్సు నూటికి నూరుపాళ్ళు కరెక్టు. కానీ రాగి కరగడం మానేసరికి, ఆ విషం లేక ఓడ అడుగున నత్తలూ నాచూ గుంపులుగా పట్టి ఓడలు నెమ్మదించాయి. నేవీ ఆ పద్ధతి మానేసింది. టెస్టింగులో పాసై ప్రొడక్షన్లో పడ్డ మొదటి ప్రాజెక్టు కాదనుకోండి, కానీ నాకు బాగా నచ్చింది. లోహం ఎలక్ట్రాన్లు ఇచ్చుకుంటే కరుగుతుంది, ఎవరైనా దానికి ఇస్తుంటే నిలుస్తుంది అన్న ఆ సూత్రంతోనే పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెర్లిన్ రాయల్ మ్యూజియంల లేబొరేటరీలో తవ్వకాల్లో దొరికిన లోహ వస్తువులని శుభ్రం చేసేవారు. షెడ్డులో మేం చేసిందీ అదే. టాంకు నిండా చాకలి సోడా కలిపిన నీళ్ళు, మధ్యలో టాంకుకి తగలకుండా ఒక ఇనప కడ్డీ, బ్యాటరీ చార్జర్ మైనస్ టాంకుకి, ప్లస్ కడ్డీకి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ మాత్రం వద్దు, విషపు క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి తలుపులు తీసి పెట్టాలి. చార్జరు దగ్గర నాన్నే కూర్చున్నారు. కరెంటు పనంటే ఆయనకి చెప్పేదెవరు. ఎడమ మూల మాత్రం వదల్లేదు, అక్కడికి కడ్డీ "చూపు" ఆనదు.

ఆ మూలకి మడ్డి పోశాం. అవును, చక్కెర ఫ్యాక్టరీ మడ్డి, మొలాసిస్. పశువుల దాణా కొట్లో దొరికింది. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్ళ నీళ్ళు, పది రోజులు. ఇనుముని మెల్లిగా పట్టుకుని లాగేస్తుంది, మంచి ఉక్కు జోలికి పెద్దగా పోదు. వాసన మాత్రం... ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బోధన్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. నాకైతే స్కూలు గుర్తొచ్చింది. ఆ మడ్డిని పులియబెట్టి కాస్తే ఇథనాల్, టాంకులోకి నీళ్ళు పిలిచేది. కాయకుండా పోస్తే తుప్పు వదిలించేది.

చివర్న పలచటి ఫాస్ఫారిక్ యాసిడ్. 1906లో ఇంగ్లండులో థామస్ కాస్లెట్ పేటెంటు తీసుకున్న ఉపాయం, ఇనుము మీద ఫాస్ఫేటు పొర ఎక్కించి తుప్పుని ఆపడం. ఢిల్లీ ఇనుప స్తంభం కథ కూడా ఫాస్ఫేటు పొరేనని ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ బాలసుబ్రమణ్యం తేల్చారు.

అంతా అయ్యాక టాంకు లోపల బూడిద రంగులో నిగనిగలాడింది. నీళ్ళు పోసి చూశాను, గర్వంగా. ఎడమ మూల కింద మూడుచోట్ల సూదిమొనంత చుక్కలు. కారుతోంది. లైనింగు రేకుకి అంటుకోకపోయినా, ఇన్నేళ్ళూ పెట్రోలుని ఆపింది ఆ సంచే. నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది.

బోధన్ రోడ్డులో ఒక ముసలాయన ఉన్నాడు, గ్యాస్ వెల్డింగ్. టాంకు నిండా నీళ్ళు పోయించి, కారే చోటు మాత్రం పైకొచ్చేలా వంచి, ఇత్తడితో మూడు చుక్కలూ మూసేశాడు. మంట పెట్టే ముందు ఆ చోటంతా ఆకురాయితో రుద్ది రుద్ది తెల్లగా చేశాడు. ఎంతసేపు రుద్దాడో నాన్న వాచీ చూసుకుని మరీ చెప్పారు, నలభై నిమిషాలు. మంట పెట్టింది మూడు నిమిషాలు.

కొత్త లైనింగు వెయ్యలేదు. ఆల్కహాలుకి తట్టుకునే రకం తెప్పిస్తానన్నాను, నాన్న వద్దన్నారు. ఇప్పుడు వారానికోసారి బజారు దాకా బండి తీస్తున్నారు, టాంకు ఎప్పుడూ నిండుగా ఉంచుతున్నారు. టూటీ ఆయిలు కొలత కన్నా కాస్త ఎక్కువే పోస్తున్నారని అమ్మ ఫిర్యాదు, వీధంతా పొగట.